నారింజ జుట్టుకు ఊదా సీసా

సెలూన్ నుంచి బయటికి వచ్చిన రోజు అంతా బాగానే ఉంటుంది. నల్లటి జుట్టు మధ్య బూడిద ఛాయ కలిసిన గోధుమ రంగు పాయలు, ఇంటికి వచ్చాక అద్దం ముందు పది నిమిషాలు, మర్నాడు ఆఫీసులో మెచ్చుకోళ్లు. అయిదారు వారాలు తిరిగేసరికి కథ మారుతుంది. బూడిద ఛాయ ఎటు పోయిందో తెలియదు. దాని స్థానంలో అప్పుడే చింతపండుతో తోమిన ఇత్తడి చెంబు రంగు బయటపడుతుంది. ఎండలో నిలబడితే రాగి.

హైదరాబాద్‌లో జుట్టుకు రంగు వేయించుకున్న ఏ ఐటీ ఉద్యోగినిని కదిపినా ఇంచుమించు ఇదే అనుభవం. ఆ తర్వాతి ఘట్టం కూడా ఒకటే. "పర్పుల్ షాంపూ వాడవే, సరిపోతుంది" అని ఓ స్నేహితురాలి సలహా. సెల్‌ఫోన్లో వెతికితే ఒకటి కాదు, పాతిక రకాలు. ప్రతి సీసా మీదా పాలమీగడ రంగు జుట్టున్న యూరప్ యువతి. మామూలు షాంపూకు రెట్టింపు మించిన ధర. సరే అని తెప్పించుకుని నాలుగు సార్లు తలస్నానం చేశాక లెక్క చూసుకుంటే తువ్వాలు ఊదా, గోళ్ల చివర్లు ఊదా, స్నానాలగది గోడ మీద ఊదా చుక్కలు. జుట్టు మాత్రం అదే ఇత్తడి.

షాంపూ మోసం చేయలేదు. అది పసుపును అణచడానికి పుట్టిన సరుకు. ఆమె తల మీద ఉన్నది పసుపు కాదు, నారింజ. ఈ చిన్న తేడా సీసా అమ్మేవారు చెప్పరు, కొనేవారు అడగరు.

నిజానికి ఈ విద్య తెలుగు ఇళ్లకు కొత్తదేమీ కాదు. తెల్లటి పంచె ఉతికి ఉతికి పసుపుబారితే చివరి జాడింపులో నీలిమందు కలపడం తరాలుగా ఉన్నదే. నీలిమందు మురికిని వదలగొట్టదు. బట్ట మీద ఉన్న పసుపుకు ఎదురు రంగును పైన పూస్తుంది. రెండూ ఒకదాన్నొకటి మింగేసి, కంటికి తెలుపు కనిపిస్తుంది. 1983లో కేరళలోని త్రిసూరులో మొదలైన జ్యోతి లేబరేటరీస్ తెచ్చిన ఉజాలా ద్రావణం నీలం కన్నా ఊదాకే దగ్గరగా ఉండటం కాకతాళీయం కాదు. పసుపుకు అసలైన ఎదురు రంగు ఊదాయే. టోనింగ్ షాంపూ అంటే తలకు వాడే నీలిమందు, అంతే. (దొరికింది కదా అని బట్టల మందునే నెత్తిన పోసుకునే ప్రయోగాలు చేయకపోవడం మంచిది. అది చర్మం కోసం తయారైంది కాదు.)

రంగుల చక్రంలో పసుపుకు ఎదురుగా ఊదా ఉంటుంది. నారింజకు ఎదురుగా నీలం. ఎరుపుకు ఎదురుగా ఆకుపచ్చ. సీసాను ఎంచుకోవడానికి ఈ మూడు జతలు చాలు. ఇక తెలియవలసిందల్లా తల మీద ఉన్నది ఈ మూడింటిలో ఏది అన్నదే. అక్కడే అసలు చిక్కు.

నల్ల జుట్టు చేసే ప్రయాణం

వెంట్రుకకు రంగునిచ్చేది మెలనిన్. అందులో రెండు రకాలు. నలుపు, గోధుమ ఛాయలనిచ్చే యూమెలనిన్ ఒకటి. ఎరుపు, పసుపు ఛాయలనిచ్చే ఫియోమెలనిన్ రెండోది. బ్లీచ్ పొడిలోని పర్‌సల్ఫేట్లు, డెవలపర్ సీసాలోని హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిసి వెంట్రుక పైపొరను తెరిపించి, లోపలికి దూరి, ఈ మెలనిన్‌ను విరగ్గొడతాయి. ముందుగా లొంగేది నలుపు. మొండిగా మిగిలేది ఎరుపు, పసుపు.

అందుకే నల్ల జుట్టు ఒక్క దూకులో తెల్లబడదు. మెట్లు మెట్లుగా దిగుతుంది. ముందు ముదురు ఎరుపు, తర్వాత ఎరుపు కలిసిన నారింజ, ఆ తర్వాత నారింజ, ఆపైన బంగారు పసుపు, చివరికి అరటిపండు తొక్క లోపలివైపు కనిపించే లేత పసుపు. సెలూన్ల వాళ్లు ఈ మెట్లను 1 నుంచి 10 దాకా అంకెలతో గుర్తిస్తారు. 1 అంటే కారునలుపు, 10 అంటే అతి లేత పసుపు. ఉత్తర యూరప్‌లో చాలామంది పుట్టుకతోనే ఏడో ఎనిమిదో మెట్టు మీద ఉంటారు. రెండు మెట్లు ఎక్కితే చాలు, గమ్యం వచ్చేస్తుంది. దక్షిణాసియా జుట్టు బయల్దేరేదే ఒకటి, రెండు మెట్ల దగ్గర. సెలూన్లో ఒకే రోజు, ఒకే బ్లీచ్‌తో చేసే పని సాధారణంగా అయిదు, ఆరు, మహా అయితే ఏడో మెట్టు దగ్గర ఆగిపోతుంది. ఆ మెట్ల మీద మిగిలే రంగు నారింజ.

మరి మొదటి రోజు కనిపించిన బూడిద ఛాయ ఏమిటి? బ్లీచ్ తర్వాత పైన వేసిన టోనర్. నారింజను కప్పిన పల్చటి తెర. తలస్నానం చేసిన ప్రతిసారీ ఆ తెర కొంచెం కొంచెంగా జారిపోతుంది. నెలన్నర తర్వాత కనిపించే ఇత్తడి కొత్తగా వచ్చింది కాదు. మొదటి నుంచీ కింద ఉన్నదే.

నల్ల జుట్టును నిజంగా లేత రంగుకు తీసుకెళ్లడం ఎంత కష్టమో తెలియాలంటే తిరుమల జుట్టు ప్రయాణం చూడాలి. కల్యాణకట్టలో భక్తులు సమర్పించిన తలనీలాలను తిరుమల తిరుపతి దేవస్థానం వేలం వేస్తుంది. 2011 నుంచి ఆ వేలం ఆన్‌లైన్లోనే. ఆ జుట్టులో ఒక భాగం యూరప్, అమెరికాల్లో విగ్గులుగా, అతుకు పాయలుగా తేలుతుంది. తెలుగు తలల మీద పెరిగిన నల్లటి జుట్టు అక్కడ బ్లాండ్‌గా అమ్ముడవుతోంది. అది సాధ్యమే. కాకపోతే మేలురకం తయారీదారులు ఆ నలుపును తొట్లలో నానబెట్టి, రోజుల తరబడి, కొన్నిచోట్ల వారాల తరబడి నెమ్మదిగా దించుతారు. కింద మాడిపోవడానికి చర్మం లేదు, తొందరపెట్టే కస్టమర్ లేదు. అదే పనిని పార్లర్ మూడు గంటల్లో, బతికున్న మాడు మీద చేయాలని చూస్తుంది. నారింజ దగ్గర ఆగిపోవడం వైఫల్యమేమీ కాదు, చాలాసార్లు అదే వివేకం. వైఫల్యమల్లా ఆగిన చోటును తొమ్మిదో మెట్టుగా చెప్పి, తొమ్మిదో మెట్టు షాంపూను అంటగట్టడం.

ఏ తలకు ఏ సీసా

సీసా కొనే ముందు చేయవలసిన పని ఒకటుంది. తలస్నానం చేసి, జుట్టు ఆరాక, పగటి వెలుతురులో, తెల్లటి గోడ పక్కన లేదా తెల్లటి తువ్వాలు భుజాన వేసుకుని చూసుకోవాలి. స్నానాలగదిలోని పసుపు బల్బు కింద అందరి జుట్టూ ఇత్తడే. సెలూన్ దీపాల కింద అందరిదీ అందమే.

కనిపించింది అరటి తొక్క పసుపు అయితే ఊదా షాంపూ. తమలపాకుతో వేసుకునే కాచు రంగుకూ, రాగికీ, నారింజకూ దగ్గరగా ఉంటే నీలం షాంపూ. కొన్ని కంపెనీలు రెండూ విడివిడిగా అమ్ముతాయి. ఇటలీ సరుకు ఫానోలాలో 'నో యెల్లో' ఊదా, 'నో ఆరెంజ్' నీలం. మ్యాట్రిక్స్‌లో 'సో సిల్వర్' ఊదా, 'బ్రాస్ ఆఫ్' నీలం. పేర్లలోనే జవాబుంది. అయినా మన దగ్గర పర్పుల్ షాంపూ అన్న మాట జనం నోట్లో నానినంతగా బ్లూ షాంపూ అన్న మాట నానలేదు. బ్లాండ్ జుట్టు వారి కోసం రాసిన సలహాలను మక్కీకి మక్కీ దించుకోవడం వల్ల వచ్చిన చేటు ఇది. ఈ ప్రాంతపు జుట్టుకు పదింట ఎక్కువసార్లు అక్కరకొచ్చేది నీలమే.

అలాగని నీలం అన్నింటికీ మందు కాదు. లేత పసుపు పాయలకు నీలం తగిలితే చిన్నప్పటి డ్రాయింగ్ క్లాసు గుర్తుకొస్తుంది. పసుపు, నీలం కలిస్తే పచ్చ. పాయల్లో కొన్ని పసుపు, కొన్ని నారింజ అయితే, అంటే ఏడో మెట్టు చుట్టుపక్కల ఊగుతుంటే, నీలాన్ని నారింజ పాయలకే పట్టించి మిగతావాటికి ఊదా వాడటం ఉత్తమం. అంత ఓపిక లేని వారికి ఊదా ఒక్కటే వాడుకోవడం నయం. అది పని సగమే చేయవచ్చు కానీ జుట్టును పచ్చగా మార్చదు.

ఎరుపు దగ్గరే ఆగిపోయిన జుట్టుకు ఆకుపచ్చ షాంపూలూ ఉన్నాయి. ముదురు గోధుమ రంగు కోరుకునేవారికి అవి పనికొస్తాయి.

ఇక ఏ టోనింగ్ షాంపూ అక్కర్లేని వారి సంఖ్య తక్కువేమీ కాదు. ఈ దేశంలో బాగా ఆదరణ ఉన్న బర్గండీ, మెహందీ ఎరుపు, తేనె, కారమెల్ ఛాయలన్నీ వెచ్చటి రంగులే. తేనె రంగు కోసం వేలు పోసి, ఆ తేనెను చల్లార్చే షాంపూకు మళ్లీ వందలు పోయడంలో అర్థం లేదు. బర్గండీ వెలిసిపోతుంటే దానికి కావలసింది ఎదురు రంగు కాదు, అదే రంగు. ఎరుపును కొద్దికొద్దిగా నింపే కండిషనర్లు ఉన్నాయి. గులాబీ, నెమలిపించం నీలం వంటి సరదా రంగులు వేసుకున్న కుర్రకారుకూ అంతే. నలుపు డై వేసుకునేవారికి ఈ సీసాతో అసలు పనే లేదు. నల్ల డై మీద ఊదా కనిపించదు.

షాంపూ చేయలేని పనులు

టోనింగ్ షాంపూ జుట్టు రంగును తేలిక చేయదు. ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. ముదురు నారింజను అది లేత పసుపుగా మార్చలేదు. ఉన్న మెట్టు మీదనే ఛాయను కాస్త చల్లబరుస్తుంది, నిజానికి వెంట్రుక వాసి ముదురు చేస్తుంది. రంగు మీద రంగు పడితే జరిగేది అదే కదా. ఫొటోలోని బూడిద రంగు జుట్టు చూపించి "ఇలా కావాలి" అన్న కస్టమర్‌కు, సగం దారిలో ఆపేసి, "మేడమ్, ఈ షాంపూ వాడండి, వారంలో ఆ రంగొచ్చేస్తుంది" అని సీసా చేతిలో పెట్టి పంపితే అది సలహా కాదు. బాధ్యతను సీసాలోకి ఒంపి మూత పెట్టడం.

దీనికి భయపడి సెలూన్ మరో తప్పు చేస్తే అది ఇంకా ప్రమాదం. ఒక్కరోజులో తేల్చేయాలన్న పట్టుదలతో బలమైన డెవలపర్ వాడటం. డెవలపర్ సీసాల మీద 10, 20, 30, 40 అని వాల్యూమ్ అంకెలుంటాయి. వాటి అర్థం పెరాక్సైడ్ పాళ్లు వరుసగా 3, 6, 9, 12 శాతం. మాడుకు తగిలేలా బ్లీచ్ పూసేటప్పుడు 40 వాల్యూమ్ వాడకూడదన్నది వృత్తి నేర్చినవారికి మొదటి పాఠాల్లో ఒకటి. మంట పుట్టినా "కొంచెం ఓర్చుకోండి మేడమ్" అంటే ఓర్చుకోనక్కర్లేదు. వెంటనే కడిగించుకోవాలి. మాడు పుండైతే ఏ షాంపూ రంగు గురించీ ఆలోచించే స్థితి ఉండదు. జుట్టు తడిగా ఉన్నప్పుడు లాగితే రబ్బరులా సాగి తెగుతోందంటే లోపలి ప్రొటీన్ దెబ్బతిన్నట్టే. అప్పుడు కావలసింది టోనింగ్ కాదు, కత్తెర.

గోరింటాకు సంగతి వేరు. గోరింటలోని లాసోన్ అనే రంగు పదార్థం వెంట్రుక ప్రొటీన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. తెల్లబడ్డ లేదా బ్లీచ్ చేసిన జుట్టు మీద అది మండే నారింజగా తేలుతుంది. నీలం షాంపూ దాని ముందు చేతులెత్తేస్తుంది. ఇంకా జాగ్రత్తగా ఉండాల్సింది అచ్చమైన ఆకు పొడి కాని ప్యాకెట్లతో. కొన్ని పొడుల్లో లోహ లవణాలు కలుస్తాయి. అవి పట్టిన జుట్టు మీద పెరాక్సైడ్ పడితే వేడి పుట్టి జుట్టు కరిగి ఊడిపోవచ్చు. నల్ల మెహందీగా అమ్మే పొడుల్లో పారా ఫినిలీన్ డయమిన్ ఉంటుంది. అలెర్జీలకు అది పేరుమోసిన రసాయనం. అందుకే గతంలో ఏమేం పెట్టుకున్నారో సెలూన్లో దాచకుండా చెప్పాలి. మెడ వెనక నుంచి నాలుగు వెంట్రుకలు కత్తిరించి ముందుగా వాటి మీద బ్లీచ్ పరీక్షించమని అడగాలి. అడిగితే విసుక్కునే సెలూన్ నుంచి లేచి రావడం లాభసాటి.

వెనక అట్ట చదవాలి

లేత ఊదాగా, నీలంగా కనిపించే ప్రతి షాంపూ టోనింగ్ షాంపూ కాదు. చాలా కంపెనీలు చూపుల కోసమే చిటికెడు రంగు కలుపుతాయి. తేడా తేల్చడానికి ప్రయోగశాల అక్కర్లేదు. తెల్లటి పాత నూలుగుడ్డ మీద ఒక చుక్క వేసి, రెండు నిమిషాలు ఆగి, నీళ్ల కింద పెట్టాలి. సిరా మరకలా నిలిస్తే అది పనిచేసే సరుకు. నురగతో పాటే కొట్టుకుపోతే అలంకారం.

వెనక అట్ట మీది పదార్థాల జాబితాలో చిట్టచివర రంగుల పేర్లుంటాయి. ఊదా షాంపూల్లో యాసిడ్ వయొలెట్ 43, దానికే మరో పేరైన ఎక్స్‌ట్ వయొలెట్ 2, లేదా సీఐ 60730 అన్న అంకె తరచు కనిపిస్తాయి. బేసిక్ వయొలెట్, బేసిక్ బ్లూ అని మొదలయ్యే పేర్లు ఇంకో జాతి. వీటి అణువులకు ధన విద్యుదావేశం ఉంటుంది. బ్లీచ్ తిన్న వెంట్రుకకు రుణావేశం ఎక్కువ. కాబట్టి ఇవి గట్టిగా అతుక్కుంటాయి. పని త్వరగా చేస్తాయి, మరకలూ అంతే త్వరగా చేస్తాయి. సీఐ 42090 ఒక్కటే కనిపిస్తే అది చూపుల నీలమే అయ్యుండొచ్చు. మామూలు షాంపూల్లోనూ అదే వాడతారు.

జాబితా మొదట్లో నీళ్ల తర్వాత సోడియం లారిల్ సల్ఫేట్ ఉందంటే అది గట్టిగా కడిగే రకం. కుడి చేత్తో రంగు ఇచ్చి ఎడమ చేత్తో లాక్కున్నట్టు ఉంటుంది. మెత్తగా కడిగే, సల్ఫేట్ లేని రకానికి కాస్త ఎక్కువ పెట్టడంలో తప్పు లేదు.

దిగుమతి సరుకైతే మరో జాగ్రత్త. 2020 డిసెంబరులో వచ్చిన కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం విదేశీ సౌందర్య సాధనాలను నమోదు చేయించాకే దిగుమతి చేసుకోవాలి. సీసా మీద దిగుమతిదారు పేరు, చిరునామా, నమోదు సంఖ్య ఉండాలి. సగం ధరకే దొరికే ఇటలీ సీసా మీద అవేవీ లేకపోతే అది ఇటలీ నుంచి వచ్చిందో, ఇరుగు వీధి నుంచి వచ్చిందో చెప్పడం కష్టం. జుట్టు డైల ప్యాకెట్ల మీద చర్మానికి మంట పుట్టవచ్చునని, ముందుగా పరీక్షించుకోవాలని, కనుబొమలకు, రెప్పలకు వాడితే చూపు పోవచ్చునని ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ హెచ్చరిక ముద్రించాలన్న నియమం ఎప్పటి నుంచో ఉంది. తెలుగులో ఉన్నా దాన్ని చదివేవారు అరుదు. టోనింగ్ షాంపూలో ఉండేవి మెతక రంగులే అయినా, డై పడని శరీరతత్వం ఉన్నవారు చెవి వెనక కాస్త రాసి రెండు రోజులు ఆగడం మంచిది.

ధర విషయానికొస్తే, 2025 సెప్టెంబరు 22 నుంచి షాంపూల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. ఆ తేదీకి ముందు అచ్చేసిన పాత ధరనే పట్టుకుని కూర్చున్న దుకాణాన్ని ఒక మాట అడగవచ్చు. 250 మిల్లీలీటర్ల సీసా, ఒక్కో తలస్నానానికి 10 మిల్లీలీటర్ల చొప్పున 25 సార్లు వస్తుంది. వారానికి ఒకసారి వాడేవారికి అది ఆరు నెలల సరుకు. ఆఫర్ ఉంది కదా అని లీటరు సీసా కొంటే రెండేళ్లు. మూత తెరిచాక ఎన్ని నెలల్లో వాడేయాలో సీసా మీద చిన్న డబ్బా బొమ్మలో రాసి ఉంటుంది. అది సాధారణంగా 12 నెలలే.

నీళ్లు, నూనె

ఒకే షాంపూ కూకట్‌పల్లిలో ఒకలా, కరకట్ట పక్క ఊళ్లో ఒకలా పనిచేయడానికి కారణం నీళ్లు. తాగే నీటిలో మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకుండా ఉండాలని, వేరే దారి లేకపోతే 600 దాకా ఫర్వాలేదని భారత ప్రమాణం చెబుతోంది. బోరు మీద, ట్యాంకర్ మీద బతికే అపార్టుమెంట్లలో స్నానం నీళ్ల సంగతి ఎవరూ కొలవరు. బకెట్ అంచున తెల్లటి చార కడితే అదే కొలత. ఆ చార కట్టించే లవణాలే జుట్టు మీదా పేరుకుంటాయి. నీళ్లలో ఇనుము ఉంటే జుట్టు తుప్పు రంగు తిరుగుతుంది. ఆ పొర మీద టోనింగ్ షాంపూ పోస్తే సమంగా పట్టదు. ఇలాంటి ఇళ్లలో కొనవలసిన మొదటి సీసా ఊదా కాదు, నీలం కాదు. నెలకోసారి లవణాల పొరను తొలగించే క్లారిఫైయింగ్ షాంపూ. పదార్థాల జాబితాలో ఈడీటీఏ ఉన్నది చూసుకుంటే చాలు. చివరి చెంబు మటుకు ఫిల్టర్ నీళ్లతో పోసుకోవడం అతి కాదు.

నూనె దగ్గర తల్లీకూతుళ్ల మధ్య వాదన నడుస్తూనే ఉంటుంది. రంగు వేసిన జుట్టుకు నూనె పెట్టకూడదని కూతురు, పెట్టకపోతే రాలిపోతుందని తల్లి. ఈ ఒక్క విషయంలో తల్లివైపే సాక్ష్యం ఉంది. తలస్నానానికి ముందు కొబ్బరినూనె పట్టిస్తే వెంట్రుకలోని ప్రొటీన్ తక్కువ పోతుందని, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ ఆ పని చేయవని, బ్లీచ్ చేసిన జుట్టుకూ ఇదే వర్తిస్తుందని 2003లో మారికో పరిశోధకులు ప్రచురించారు. మారికో కొబ్బరినూనె అమ్మే కంపెనీ అన్న సంగతి మరవనక్కర్లేదు. అయినా ఆ ఫలితం నిలబడింది. చిక్కల్లా నూనె జిడ్డు మీద టోనింగ్ రంగు అంటకపోవడమే. ముందు మామూలు షాంపూతో జిడ్డు వదలగొట్టి, రెండోసారి టోనింగ్ షాంపూ వాడితే ఇద్దరి మాటా నెగ్గుతుంది. పండగనాడు నలుగు పిండిలో పసుపు మాత్రం ఆ పాయలకు తగలకుండా చూసుకోవాలి.

వాడకం పెద్ద విద్యేమీ కాదు. చేతికి తొడుగులు, భుజాన పాత తువ్వాలు. నారింజ ఎక్కువగా ఉన్నచోట ముందు, ఎండిపోయిన చివర్లకు చివర. చివర్లు స్పాంజిలా రంగు పీల్చేసుకుంటాయి కాబట్టి వాటికి ముందే కాస్త కండిషనర్ రాస్తే మచ్చలు పడవు. మొదటిసారి రెండు నిమిషాలు, చాలకపోతే తర్వాతిసారి అయిదు. అరగంట ఉంచితే ఎక్కువ పనిచేస్తుందనుకోవడం పొరపాటు, ఎక్కువ మరక చేస్తుంది. వారానికి ఒకసారి సరి. ఊదా మరీ ఎక్కువైతే కంగారు పడనక్కర్లేదు, మామూలు షాంపూతో రెండు మూడు స్నానాల్లో దిగిపోతుంది.

ఇక ఆ తొందరపాటులో కొన్న మొదటి ఊదా సీసా. దాన్ని పారేయనక్కర్లేదు. 2020 లాక్‌డౌన్‌లో పార్లర్లు మూతపడ్డప్పుడు డై మానేసి, మళ్లీ మొదలుపెట్టని అమ్మలు, అత్తలు చాలా ఇళ్లలో ఉన్నారు. నెరిసిన జుట్టులో నారింజ లేదు, మెలనినే లేదు. ఎండకు, బోరు నీళ్లకు, ఏళ్ల తరబడి పెట్టిన నూనెకు అది మెల్లగా పాత కాగితంలా పసుపుబారుతుంది. సరిగ్గా ఊదా షాంపూ అణిచేది ఆ పసుపునే. పదిహేను రోజులకోసారి, ఒక్క నిమిషం, మామూలు షాంపూలో సగానికి సగం కలిపి వాడితే వెండితీగలా తేలుతుంది. కూతురు జుట్టు మీద ఓడిపోయిన సీసా, పక్క గదిలోని తల్లి జుట్టుకు సరిగ్గా సరిపోతుంది. నాన్నగారి మీసానికీ అదే పనిచేస్తుంది, ఆయన ఒప్పుకుంటే.